పెనుకొండ బందీ

ముందే చెప్పేస్తాను, ఈ కుర్రవాడు బతకడు. విజయనగర సింహాసనం మీద పద్నాలుగేళ్లు పేరుకు రాజుగా ఉండి, 1505లో పెనుకొండలో హత్యకు గురవుతాడు. అతని పేరు ఇమ్మడి నరసింహుడు.

1491లో అతని తండ్రి, విజయనగర రాజు సాళువ నరసింహరాయలు కన్నుమూసేనాటికి కొడుకులింకా పసివాళ్లు. నమ్మిన సేనాని తుళువ నరసానాయకుడి చేతుల్లో వాళ్లను పెట్టాడు. ఎదిగాక యోగ్యుడికి రాజ్యం అప్పగించమన్నాడు. రాయచూరు, ఉదయగిరితో కలిపి మూడు కోటలు గెలవమనీ కోరాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు.

పెద్దవాణ్ణి అనతికాలంలోనే చంపేశారు. ఆ నెత్తురు ఆరకముందే చిన్నవాడైన ఇమ్మడి నరసింహుడికి పట్టం కట్టారు. అన్నను చంపించినవాణ్ణే ఆ పిల్లవాడు చేరదీశాడంటారు. అయ్యో, ఒక్క పెద్దదిక్కు పక్కన కూర్చుని మంచీచెడూ విడమరిచి చెప్పి ఉంటే! నరసానాయకుడు చెప్పలేదు. అలిగి పెనుకొండ చేరి, సైన్యంతో తిరిగొచ్చాడు. కుర్రవాడు లొంగిపోయాడు. ఆ తర్వాత అతని లోకమంతా పెనుకొండ కోటే.

వాన మొహం చాటేసే ఈ రాతిసీమలో, కావలివాళ్ల నడుమ, అతనికి మీసాలు మొలిచాయి. దానశాసనాలు మాత్రం అతని పేరుతోనే వెలువడేవి. పృథ్వీరాజ్యం చేస్తున్నాడని ఊరూరా రాళ్ల మీద చెక్కిన రాజుకు కోటగోడ దాటే స్వేచ్ఛ లేదు. ఈనాడు అనాథాశ్రమంలో పెరిగిన పిల్లలకు పద్దెనిమిది నిండితే గడప దాటమంటారు. ఆ తర్వాత ఇరవై ఒకటి దాకా ఆసరా ఇవ్వాలని 2015 బాలల న్యాయ చట్టం చెబుతున్నా, అది అందక వీధిన పడేవాళ్లున్నారు. ఇతని గడప అసలు తెరుచుకోనే లేదు. రెండు చోట్లా కరువైంది, చెయ్యి పట్టి నడిపించి ఆపైన వదిలిపెట్టే మనిషే.

1503లో నరసానాయకుడు పోయాడు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ ఏడాదే. మాట ఇచ్చినవాడు లేడు, బాలుడు యువకుడయ్యాడు. నరసానాయకుడి కొడుకు వీరనరసింహుడు ఆ రోజు తాళాలు అప్పగించి ఉంటే తండ్రి పరువు దక్కేది, ఒక ప్రాణం నిలిచేది. అతను తండ్రి అధికారాన్ని అందుకున్నాడు, తాళాలనూ తన దగ్గరే ఉంచుకున్నాడు. రెండేళ్లకు బందీని చంపించి, తానే సింహాసనమెక్కాడు.

1509లో అతని తమ్ముడు కృష్ణదేవరాయలు రాజయ్యాడు. 1514లో ఉదయగిరి, 1520లో రాయచూరు గెలిచాడు. సాళువ నరసింహుడు చనిపోతూ కోరిన కోటల్లో ఈ రెండూ అలా, సంరక్షకుడి కొడుకు చేతుల మీదుగా, విజయనగరానికి దక్కాయి.