బట్టీ, రైలుబాట, చట్టము

స్కాట్లండునకు గోల్ఫు ఆటకై పోవువారు ఉదయము మైదానమునందును, మధ్యాహ్నము విస్కీ బట్టీయందును గడుపుట పరిపాటి. ఈశాన్యతీరమందలి డార్నక్ పట్టణమున 1616 నాటికే గోల్ఫు ఆడినట్లు ఆధారము కలదు. అచ్చటి క్లబ్బు 1877లో వెలసినది. సమీపముననే టెయిన్ వద్ద 1843లో విలియం మాథిసన్ స్థాపించిన గ్లెన్‌మొరాంజీ బట్టీ కలదు. యాత్రికులు రుసుము చెల్లించి ఇట్టి బట్టీలను దర్శింతురు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని పిండిచేసి, వేడినీట తీపిరసము తీసి, పులియబెట్టి, రాగిబానలలో సాధారణముగా రెండు మారులు కాచుదురు. ఆ ద్రవము ఓక్ పీపాలలో కనీసము మూడేండ్లు ఊరినగాని విస్కీ అనిపించుకొనదు.

ఈ గౌరవము అనాదిగా వచ్చినది కాదు. పూర్వము పన్నుల భారమునకు వెరచి కొండజనులు లోయలలో రహస్యముగా కాచుచుండిరి. 1823 నాటి చట్టము సుంకమును తగ్గించి, ఏటా పది పౌనుల రుసుముపై అనుమతి నిచ్చినది. మరుసటి యేడు గ్లెన్‌లివెట్ లోయలో జార్జి స్మిత్ అను రైతు అనుమతి పొందగా, దొంగబట్టీల వారైన ఇరుగుపొరుగు అతనిపై కత్తిగట్టిరి. అతడు పిస్తోళ్లు ధరించి తిరుగవలసి వచ్చినది. చట్టము నలుబది గాలన్లకు తక్కువ బానలను అంగీకరింపలేదు గనుక, అచ్చటను పేదవాని చిన్నబట్టీ క్రమముగా అంతరించినది.

పిదప రైలుబాట వచ్చినది. 1863లో స్ట్రాత్‌స్పే మార్గము తెరువబడగా, 1869లో జాన్ స్మిత్ రైలు సౌకర్యము చూచుకొనియే క్రాగన్‌మోర్ బట్టీని నెలకొల్పెను. బొగ్గు లోనికి, పీపాలు వెలుపలికి సులువుగా సాగెను. 1902లో వేయబడిన చిన్న రైలుమార్గము గోల్ఫు ఆటగాండ్రను డార్నక్‌నకు చేర్చినది.

రైలుబాట మన లాల్‌ఖదాన్ ప్రాంతమునకును వచ్చినది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గము 1891 నాటికి బిలాసపూరు మీదుగా ఆసన్‌సోల్ చేరినది. 1931లో రాయపూరు–విజయనగరము మార్గము పూర్తియై తెలుగువారి రాకపోకలు సుగమమయ్యెను. కాని ఈ సీమ ఇప్పసారాకు మాత్రము ఆ భాగ్యము పట్టలేదు. ఫాల్గుణ చైత్రములందు వేకువజామున రాలిన పూలను స్త్రీలు, పిల్లలు ఏరి ఎండబెట్టుదురు. వానిని నానబెట్టి, పులియబెట్టి, కుండలో కాచి, ఆవిరిని చల్లార్చుదురు. గోండులు, బైగాలు దానిని దేవతకు ధారపోయుదురు; పెండ్లికిని, చావునకును అది ఉండవలసినదే. పని సారాంశమున విస్కీవాని పనియే.

1915 నాటి మధ్యపరగణాల అబ్కారి చట్టము అనుమతిలేని కాపును నేరము చేసినది. అమ్మకపు హక్కు గుత్తేదారునకు, జరిమానా అడవివానికి దక్కెను. తరువాత ఆదివాసులకు స్వంత వినియోగమునకై కొంత సడలింపు లభించినను, పేరు మాత్రము నాటుసారాగానే మిగిలెను.

అట్లని సారాను కొనియాడుటయు తగదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సాగించిన పోరాటము 1992లో ఆంధ్రదేశమంతట వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసెను. ఆ సంపూర్ణ నిషేధము 1997లో సడలింపబడినది. కూలిడబ్బులు దుకాణమున ధారపోయబడగా ఖాళీకుండ యెదుట నిలిచిన ఇల్లాలి మాటను చరిత్రకారుడు మరువరాదు.

2021లో మధ్యప్రదేశ్ ప్రభుత్వము ఇప్పసారాను వారసత్వ మద్యముగా గుర్తింప సంకల్పించినది. విస్కీ కథ తెలిసినవారు ఇచ్చట ఒక ప్రశ్న వేయక తప్పదు. అనుమతిపత్రము వచ్చిన నాడు స్కాట్లండు చిన్నరైతు వెనుకబడెను. వేకువన పూవేరు గోండు స్త్రీకి ఈ గౌరవములో పాలెంత? సీసాపై అచ్చువేయు పేరుకంటె ఆమె బుట్టకు దొరకు ధరయే దానికి సరియైన జవాబు.