అలభ్య తెలుగు సినిమాలు

విడుదలై, జనం చూసి, నేడు ఎక్కడా ఒక్క ప్రింటు కూడా దొరకని చిత్రాలను అలభ్య చిత్రాలంటారు. ముహూర్తం జరిగి ఆగిపోయినవి, పూర్తయినా ల్యాబ్ గడప దాటనివి వేరే కోవలోకి వస్తాయి. తెలుగులో ఈ రెండు రకాలూ ఉన్నా మొదటి రకం చేసిన నష్టమే పెద్దది. మనవాళ్లు తీసిన తొలి మూకీ మన దగ్గర లేదు, తొలి తెలుగు టాకీ కూడా లేదు.

మూకీతో మొదలుపెడదాం. రఘుపతి వెంకయ్య నాయుడు మద్రాసులో సినిమాలు ప్రదర్శించి, గెయిటీ థియేటర్ కట్టించి, కొడుకు ప్రకాశ్‌ను చిత్ర నిర్మాణం నేర్చుకు రమ్మని ఇంగ్లండు పంపారు. ప్రకాశ్ తిరిగొచ్చాక 1920ల తొలినాళ్లలో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ పేరిట ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. దర్శకుడు ప్రకాశే, భీష్ముడూ ఆయనే. గంగ వేషం పెగ్గీ కాస్టెలో అనే ఆంగ్ల వనిత వేసింది. ఆ చిత్రంలో ఒక్క అడుగు ఫిల్ము కూడా మిగల్లేదు. వెంకయ్య పేరిట ప్రభుత్వ పురస్కారం ఉంది, ఆయన సినిమా మాత్రం లేదు. దేశం మొత్తం మీద 1,300 దాకా మూకీలు తయారైతే, పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి 30 లోపే.

టాకీల సంగతి ఇంకా బాధాకరం. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో విడుదలైన ‘ఆలం ఆరా’ దేశంలో తొలి టాకీ. అదే ఏడు అక్టోబరు 31న హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో ‘కాళిదాస్’ మద్రాసు కినిమా సెంట్రల్‌లో విడుదలైంది. నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే నాయకుడు తెలుగులో జవాబిచ్చే చిత్రమది. బొంబాయి నుంచి రీళ్ల పెట్టెలు దిగినప్పుడు జనం వాల్‌టాక్స్ రోడ్డు వెంట వాటిని ఊరేగించారు. పూలు చల్లారు, కొబ్బరికాయలు కొట్టారు, అగరొత్తులు వెలిగించారు. దేవుడి రథం వెంట నడిచినట్టు ఒక సినిమా పెట్టె వెంట నడిచిన ఆ జనోత్సాహం చరిత్రకెక్కింది. ఆ పెట్టెల్లో ఉన్నది మాత్రం మిగల్లేదు.

పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కూ హెచ్.ఎం. రెడ్డే దర్శకుడు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకాన్ని రంగస్థల నటులతోనే బొంబాయిలో తీశారు. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయి లీలావతి, సింధూరి కృష్ణారావు ప్రహ్లాదుడు. పాటలు చందాల కేశవదాసువి. సినిమా చేతిలో లేకపోవడంతో దాని పుట్టిన తేదీ కూడా తారుమారైంది. ఏళ్ల తరబడి అందరూ 1931 సెప్టెంబరు 15 అనే రాశారు. సీనియర్ పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సారు వివరాలు తిరగేసి ఆ లెక్క సరిచేశారు. 1932 జనవరి 22న సెన్సారయి, ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా థియేటర్‌లో విడుదలైందని ఆయన తేల్చారు. ప్రింటు ఉంటే దాని మొదట్లోనే సెన్సారు సర్టిఫికెట్ కనబడేది. అది లేనందువల్లే ఒక జాతి తన తొలి టాకీ తేదీని కాగితాల్లో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఈ మూడు తొలి టాకీల్లోనూ చిన్న వేషాలు వేసిన మనిషి ఒకరున్నారు. ఆయన ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుంచి బొంబాయి వెళ్లిన ఎల్.వి. ప్రసాద్. ఆయన నటించిన ఆ మూడూ పోయాయి. ఆయన పేరు మోసే ప్రసాద్ సంస్థ మాత్రం నేడు పాత సినిమాలను ఫ్రేము ఫ్రేమూ శుభ్రం చేసి డిజిటల్‌లోకి తెస్తోంది.

ఈ తొలి సినిమాలు పోవడానికి మొదటి కారణం ముడిఫిల్మే. 1950ల ఆరంభం దాకా వాడిన నైట్రేట్ ఫిల్ము అంటుకుంటే తనలోంచే ఆక్సిజన్ పుట్టించుకుని నీళ్లలో కూడా మండుతుంది. మండకపోయినా చెడుతుంది. ముందు బొమ్మ వెలిసి, రీలు జిగురై, నురగగట్టి, చివరికి గోధుమరంగు పొడి మిగులుతుంది. ఉక్కపోసే కోస్తా ఊళ్లలో రేకు డబ్బాల్లో పెట్టిన రీళ్లు ఎంతకాలం ఆగుతాయి? దానికి తోడు ఫిల్ములో వెండి ఉంటుంది. ఆట అయిపోయిన సినిమాకు విలువ ఆ వెండే అనుకున్నారు. ‘ఆలం ఆరా’ రీళ్ల కోసం తాను వెళితే, వెండి తీయించాక వాటిని వదిలించుకున్నామని ఆ చిత్ర దర్శకుడు అర్దేషిర్ ఇరానీ కొడుకే చెప్పారని పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌ను నడిపిన పి.కె. నాయర్ గుర్తుచేసుకునేవారు. ఆ ఆర్కైవ్‌లో 2003 జనవరి నాటి అగ్నిప్రమాదంలోనే ‘ఆలం ఆరా’ కాలిపోయిందన్న మాట అందుకే నిజం కాదు. ఆ మంటల్లో నైట్రేట్ రీళ్లు భారీగా పోయిన మాట మాత్రం వాస్తవం.

జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుణెలో ఏర్పడింది 1964లో. తొలి టాకీ వచ్చిన 33 ఏళ్ల తర్వాత. ఆ నడుమ కాలంలో సినిమాను దాచే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. నిర్మాత అప్పుల్లో ఉంటే నెగెటివ్ ల్యాబ్‌లో తాకట్టు పడేది. పంపిణీదారుడి దగ్గరి ప్రింటు పెద్ద ఊళ్లు తిరిగి, టూరింగ్ టాకీసుల్లో గీతలు పడి, అతుకులు పడి ముగిసిపోయేది. ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ తిరువనంతపురంలో ఉంది. సి.వి. రామన్ పిళ్లై నవల ఆధారంగా తీసిన మూకీ ‘మార్తాండ వర్మ’పై హక్కుల వివాదంలో ప్రచురణకర్తలు కోర్టుకెక్కారు. ప్రదర్శన ఆగిపోయిన ఆ ప్రింటు ప్రచురణ సంస్థ దగ్గరే ఉండిపోయి, 1974లో ఆర్కైవ్‌కు చేరింది. ఆడిన సినిమాలు అరిగి పోతే, కోర్టు ఆపిన సినిమా బతికింది.

ఆగిపోయిన చిత్రాల కథ వేరు. చిరంజీవి ‘అబూ బాగ్దాద్ గజదొంగ’, పవన్ కల్యాణ్ ‘సత్యాగ్రహి’ వంటివి ఆర్భాటంగా మొదలై ఆగాయి. వీటిలో మనసును పట్టే ఉదంతం ‘నర్తనశాల’. బాలకృష్ణ స్వీయ దర్శకత్వంలో 2004లో మొదలైంది. ద్రౌపది వేషం సౌందర్యది. ఆ ఏప్రిల్ 17న బెంగళూరులో విమాన ప్రమాదం ఆమెను తీసుకెళ్లింది, సినిమా అక్కడితో ఆగింది. తీసిన 17 నిమిషాల భాగాన్ని 2020 అక్టోబరు 24న ఓటీటీలో విడుదల చేశారు. శ్రీహరి భీముడుగా, శరత్‌బాబు ధర్మరాజుగా కనబడే ఆ కాస్త నిడివీ పదహారేళ్లు భద్రంగా ఉండబట్టే చూడగలిగాం. ‘భీష్మ ప్రతిజ్ఞ’కు ఆ మాత్రం కాపలా కూడా దొరకలేదు.

వెతుకులాట ఆపాల్సిన పని లేదు. మూతపడ్డ థియేటర్ ప్రొజెక్షన్ గదిలోనో, పాత పంపిణీదారుల గోడౌన్‌లోనో తుప్పు పట్టిన డబ్బా దొరికితే దీపం, సిగరెట్ దగ్గరకు రానీయకూడదు. ఘాటైన వెనిగర్ వాసన వస్తే అది నైట్రేట్ తర్వాత వచ్చిన అసిటేట్ ఫిల్ము, చెడడం మొదలైందని గుర్తు. దాన్ని మిగతా రీళ్లకు దూరంగా, తేమ లేని చల్లటి చోట పెట్టి పుణె ఆర్కైవ్‌కు కబురు చేయాలి. ఉన్నది ముక్కే కదా అని పారేయకూడదు. దాదాసాహెబ్ ఫాల్కే తీసిన మూకీ ‘రాజా హరిశ్చంద్ర’లో నేడు అందరూ చూస్తున్నది కూడా మొదటి, చివరి రీళ్లే.