గ్లాబ్: ‘గ్లోబు’కు చుట్టమే

బెంగళూరు మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఆఫీసుల్లో మన తెలుగు కుర్రాళ్ళు "పేర్లన్నీ ఎవడు రాస్తాడ్రా, గ్లాబ్ పెట్టెయ్" అంటుంటారు. ‘గ్లోబల్’ను కత్తిరిస్తే వచ్చిన మాట ఇది. 1971లో బెల్ ల్యాబ్స్ తెచ్చిన మొదటి యూనిక్స్‌లో గ్లాబ్ ఒక విడి ప్రోగ్రామ్. స్టార్ గుర్తుకు సరిపడే ఫైళ్ళ పేర్లు వెతికి కమాండుకు అందించేది. 1979 నాటి ఏడో వెర్షన్‌లో ఆ పని షెల్లే చేసుకుంది. పేరు మాత్రం నిలిచింది.

ఆ కుర్రాళ్ళు ఇప్పుడు ఆ మాట వాడేది బిల్డ్ టూల్ సీమేక్‌లో. అందులో గ్లాబ్ అని రాసి ‘స్టార్ డాట్ సీపీపీ’ ఇస్తే సోర్సు ఫైళ్ళన్నీ వాటంతటవే పోగవుతాయి. చిక్కల్లా, ఆ పోగుచేయడం కాన్ఫిగర్ చేసినప్పుడే జరుగుతుంది. పక్క సీటాయన కొత్త ఫైలు చేర్చాడనుకోండి. మీరు పుల్ చేసి బిల్డ్ కొడతారు. సీమేక్‌లిస్ట్స్ ఫైలు మారలేదు కనుక సీమేక్ కదలదు. లింకర్ మాత్రం ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని గోల పెడుతుంది. తప్పు కోడ్‌లో లేదని తెలిసేసరికి టీ చల్లారిపోతుంది.

2018లో 3.12 వెర్షన్‌తో వచ్చిన ‘కాన్ఫిగర్ డిపెండ్స్’ అనే ఆప్షన్ ప్రతి బిల్డుకూ మళ్ళీ వెతికిస్తుంది. అయినా సోర్సు ఫైళ్ళకు గ్లాబ్ వాడమని సీమేక్ మాన్యువల్ సిఫార్సు చేయదు. నా ఓటూ పేర్లు రాయడానికే. సొంత చిన్న ప్రాజెక్టయితే గ్లాబే హాయి.