కంకర బొమ్మ, నా ముగ్గుల కోడ్
ఫ్రెండ్స్, స్క్రీన్ మీద ఈ బొమ్మ చూడండి. అడ్డంగా 12, నిలువుగా 22 చదరాలు. పైన బుద్ధిగా వరుసలో ఉన్నాయి, కిందికొచ్చేకొద్దీ వంకరపోయి, చెల్లాచెదురు. పేరు 'షొట్టర్', అంటే జర్మన్‌లో కంకర. సీమెన్స్‌లో పనిచేసే గియోర్గ్ నేస్ 1968లో కంప్యూటర్‌తో గీయించారు. కిటుకు చిన్నదే: వరుస దిగేకొద్దీ రాండమ్ నంబర్ల జోరు పెంచడం.

నాకు నచ్చింది అది కాదు. ఆయన ప్రోగ్రాములు దాచుకోలేదు, 1969 థీసిస్‌లో అచ్చేయించారు. ఇవాళ మన ఫోన్లో కూడా అదే లెక్కతో ఆ బొమ్మ గీయొచ్చు.

నేనేమో బీటెక్‌లో మొదలెట్టిన చుక్కల ముగ్గుల ప్రోగ్రామ్‌ని 'ఇంకొంచెం బాగుచేశాక చూపిస్తా' అంటూ ఆరేళ్లు ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకున్నా. మెలిక ముగ్గులో ఒక గీత కలవని బగ్ ఇంకా ఉంది. అయినా కోడ్ మొత్తం కింద లింక్‌లో పెట్టేశా. ఇక నేను ముట్టుకోను. ఎవరైనా ఆ గీత కలిపితే నాకోసారి చూపించండి.