వంటింటి అర దగ్గర

శనివారం ఉదయం, అమెరికా దక్షిణాదిలో చార్లెస్టన్ శివారు. ఇంటి పెద్దావిడ పోయారు, సామానంతా అమ్మకానికి పెట్టారు. తలుపు తియ్యగానే పాత సామాన్ల వ్యాపారులు వెండి గరిటెల మీద పడతారు. మీరు నేరుగా వంటింట్లోకి నడవండి.

పై అరలో గట్టి అట్టల పుస్తకాలు. జూలియా చైల్డ్ మరో ఇద్దరితో కలిసి 1961లో తెచ్చిన ఫ్రెంచి వంటల పుస్తకం తెరిస్తే వెన్ను ఫెళ్లుమంటుంది. ఎక్కడా ఒక్క మరక లేదు. ఇంటి పెద్దావిడ దాన్ని నవలలా చదువుకుని ఉంటారు.

పొయ్యి పక్కన ప్లాస్టిక్ చుట్టల బైండుతో ‘చార్లెస్టన్ రిసీట్స్’. ఊళ్లోని జూనియర్ లీగ్ అనే సేవాసంఘం మహిళలు 1950లో వేసిన వంటల పుస్తకం. రొయ్యల వంటకం దగ్గర రెండు పేజీలు అంటుకుపోయాయి. గోటితో మెల్లగా విడదీయండి. వెన్న మరక అవతలి పేజీకి దిగింది; అంచున పెన్సిల్‌తో, ఉప్పు తగ్గించమని. వ్యాపారికిది పాడైన ప్రతి. నన్నడిగితే ముందు కొనాల్సింది ఇదే.

వంటకాల కింద పేర్లు చూడండి. పెద్దిళ్ల ఇల్లాళ్లవి. ఆ ఇళ్లలో తరతరాలుగా గరిటె తిప్పిన నల్లజాతి వంటవాళ్ల పేర్లు మాత్రం అరుదు. అందుకే బానిసత్వంలో పుట్టిన ఆబీ ఫిషర్ పుస్తకమంటే సేకర్తలకంత ఆశ. చదువురాని ఆవిడ నోటితో చెబితే రాసి, 1881లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చేశారు. అసలు ప్రతి ఇలాంటి చోట దొరకదు లెండి.

ఇదిగో టైమ్-లైఫ్ ప్రచురణ సంస్థ వాళ్ల 1971 నాటి దక్షిణాది వంటల సంపుటం. ఫొటోల పుస్తకం ఉంది, జతగా రావాల్సిన చిన్న స్పైరల్ పుస్తకం? వెనక చెయ్యిపెట్టి తడమండి. లేదు. వంటకాలు ఎక్కువగా ఉండేది అందులోనే. వదిలేయండి.

అర చివర, ఎడ్నా లూయిస్ 1976లో రాసిన ‘ద టేస్ట్ ఆఫ్ కంట్రీ కుకింగ్’. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు వర్జీనియాలో కట్టుకున్న ఫ్రీటౌన్ అనే పల్లె, అక్కడ ఏ రుతువులో ఏం వండేవారో రాశారావిడ. చీటీ మీద ధర గట్టిగానే ఉంది.

“రేపొస్తే సగానికే ఇస్తాం” అంటుంది గుమ్మం దగ్గరి అమ్మాయి.

మీ భుజం మీదుగా ఒకాయన అదే అట్ట చూస్తున్నాడు. పర్సు తియ్యండి.