థామస్ క్రామ్‌వెల్ మంత్రిత్వం: ట్యూడర్ ఇంగ్లండులో మతం, పాలన

ట్యూడర్ మంత్రుల ప్రస్తావన వస్తే జి.ఆర్. ఎల్టన్ పేరు రాక తప్పదు. రాజు సొంత పరివారం నడిపే పాలనను కార్యాలయాలు నడిపే ప్రభుత్వంగా మార్చిన ఘనతను ఆయన 1953లో వెలువడిన గ్రంథంలో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్‌కు కట్టబెట్టారు. ఆ వాదాన్ని తర్వాతి చరిత్రకారులు గట్టిగానే ప్రశ్నించారు. మతవ్యవహారాల వైపు నుంచి చూస్తే అందులో ఎంత నిలుస్తుందో తేల్చడం సులువని నా అభిప్రాయం.

క్రామ్‌వెల్‌కు ముందు చక్రం తిప్పిన కార్డినల్ ఉల్సీకి చర్చిపై ఉన్న పెత్తనం పోప్ ప్రతినిధి హోదాలో వచ్చింది. రాజు విడాకుల విషయంలో రోమ్‌ను ఒప్పించలేక 1529లో ఆయన పదవి పోగొట్టుకున్నాడు. ఆయన కొలువులోనే ఎదిగిన క్రామ్‌వెల్ మతాధికారి కాడు, కులీనుడూ కాడు. పట్నీలో కమ్మరం చేసుకునే తండ్రికి పుట్టి, న్యాయవాద వృత్తిలో స్థిరపడ్డవాడు. అతను నమ్ముకున్నది పార్లమెంటును. 1533 చట్టం రోమ్‌కు అప్పీళ్లను ఆపేసింది. 1534 చట్టం రాజును చర్చి అధినేతగా గుర్తించింది. 1535లో రాజు అతన్ని మతవ్యవహారాల్లో తన ప్రతినిధిగా నియమించాడు. 1539 నాటికి ప్రభువుల సభలో ఆ ప్రతినిధి ఆసనం క్యాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌కన్నా పైన ఉండాలని ఏకంగా చట్టమే వచ్చింది!

మఠాల రద్దు కథ అందరికీ తెలిసిందే. 1535లో చర్చి ఆదాయాల లెక్క తీశారు. మరుసటి ఏడు 200 పౌన్లలోపు రాబడి ఉన్న మఠాలను మూసేశారు. 1540కల్లా ఒక్కటీ మిగల్లేదు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేవి 1538 సెప్టెంబరులో క్రామ్‌వెల్ జారీ చేసిన ఆదేశాలు. ప్రతి చర్చిలో ఇంగ్లిషు బైబిలు ఉంచాలి, ఖర్చు పాస్టరూ ఊరివాళ్లూ చెరిసగం భరించాలి. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ఒక పుస్తకంలో ఎక్కించాలి. దాన్ని రెండు తాళాల పెట్టెలో పెట్టాలి. ఒక తాళంచెవి పాస్టరు దగ్గర, రెండోది చర్చి వార్డెన్ల దగ్గర ఉండాలి. ఆదివారం వార్డెన్ల ఎదుట ఆ వారం వివరాలు రాయకపోతే 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. ఆ సొమ్ము చర్చి మరమ్మతులకు. ఇది కొత్త పన్నుకు ఎత్తుగడేమోనని డెవన్, కార్న్‌వాల్ జనం హడలిపోయారు. మఠాల ఆస్తులు ఏమయ్యాయో చూసినవాళ్లకు ఆ అనుమానం రావడంలో వింతేముంది?

మంత్రి మాట పల్లె పల్లెకూ చేరిందనడానికి ఈ పుస్తకమే సాక్ష్యం. అయితే మత సిద్ధాంతంలో చివరి మాట రాజుదే. 1539 నాటి ఆరు సూత్రాల చట్టం సంస్కరణవాదుల దూకుడుకు కళ్లెం వేసింది. అతను కుదిర్చిన, ఆన్ ఆఫ్ క్లీవ్స్‌తో రాజు పెళ్లి బెడిసికొట్టాక, విచారణ లేకుండానే పార్లమెంటు చట్టంతో క్రామ్‌వెల్‌కు మరణశిక్ష ఖాయమైంది. అతను ఆరితేరిన ఆయుధమే అతని మీదికి తిరిగింది.

అతని కార్యదక్షత విషయంలో ఎల్టన్ మాట నిలుస్తుంది. కానీ క్రామ్‌వెల్ బతికున్నంత కాలం యంత్రాంగం అతని చుట్టూనే తిరిగింది, రాజమండలి (ప్రివీ కౌన్సిల్) చుట్టూ కాదు. 1540 జూలై 28న అతని తల తెగింది. మండలికి గుమాస్తాగా విలియం పాజెట్‌ను నియమించి, నిర్ణయాలను క్రమంగా నమోదు చేయడం మొదలైంది ఆ తర్వాతే, ఆగస్టు 10న. ఆ మండలిలో క్రామ్‌వెల్ బద్ధశత్రువు నార్‌ఫోక్ డ్యూకూ ఉన్నాడు, క్రామ్‌వెల్ ఇంట పెరిగిన రాల్ఫ్ శాడ్లరూ ఉన్నాడు.