లాంచీ తలుపులు మూసిన వేళ

2018 మే 15, మంగళవారం. కొండమొదలు నుంచి రాజమండ్రి వైపు లాంచీ బయల్దేరింది. పాపికొండల నడుమ ఉన్న అక్కడి గూడేలకు అప్పట్లో బస్సైనా, అంబులెన్సైనా లాంచీయే. సంతకెళ్లాలన్నా, ఆసుపత్రికెళ్లాలన్నా రేవుకొచ్చి నిలబడాల్సి వచ్చేది. ఆ రోజు ఎక్కినవాళ్లలో ఎక్కువమంది గిరిజనులే.

సాయంత్రానికి దేవీపట్నం మండలం మంటూరు దగ్గరికొచ్చారు. ఎండాకాలపు గాలివాన చెప్పి రాదంటారు గానీ, చాలాసార్లు చెప్పే వస్తుంది. పొద్దుటి నుంచీ ఉడికించిన ఎండ, ఉన్నట్టుండి స్తంభించిన గాలి, కొండ వెనక లేచిన నల్లమబ్బు, ఆపైన ఒంటికి ఝల్లుమని తగిలే చల్లదనం. ఆ చల్లగాలి తగిలాక మిగిలేవి కొద్ది నిమిషాలే. కొండల మధ్య ఇరుకులో గాలి ఇంకా జోరందుకుంటుంది.

జల్లు లోపలికి కొడుతోంది. క్యాబిన్ తలుపులు, కిటికీలు మూసేశారు. ఇంట్లో ఉన్నా మనం చేసేది అదేగా! అది ప్రమాదమని ఆ క్షణాన ఎవరికి తోస్తుంది? కానీ నది మీద లెక్క వేరు. కిటికీలు తెరిచి ఉంటే గాలి ఇటు నుంచి అటు దూసుకుపోతుంది. మూస్తే లాంచీ పక్కభాగమంతా గోడలా గాలికి అడ్డం నిలుస్తుంది. ఈదురుగాలి ఆ గోడను తోసింది. లాంచీ ఒరిగింది, బోల్తాపడింది, మునిగింది.

బయట ఉన్నవాళ్లు నీళ్లలో పడ్డారు. ఈదగలిగినవాళ్లు ఒడ్డు చేరారు. క్యాబిన్‌లో ఉన్నవాళ్లు అక్కడే చిక్కుకుపోయారు.

తలుపు తోసుకుని రాలేకపోయారా అని ఒడ్డున ఉన్నవాళ్లకు అనిపిస్తుంది. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న కిటికీ రెక్కను తీసుకోండి. లోపల ఇంకా గాలి ఉండగా, అది మీటరు లోతుకు దిగితే బయటి నీరు దాన్ని 350 కిలోలకు పైగా బరువుతో అదుముతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి తోసినా కదలదు. లోపల నీళ్లు నిండాకే ఆ ఒత్తిడి సమానమవుతుంది. అప్పటికి చీకటి, పైకప్పు కాళ్ల కిందికొచ్చి ఉంటుంది, గడియ ఏ వైపుందో తెలియదు, గుండెల్లో ఊపిరి ఉండదు. అక్కడ ఈత వచ్చినా ఉపయోగం లేదు.

మర్నాడు లాంచీని పైకి తీశాక లోపల మృతదేహాలు కనిపించాయి. పిల్లలు కూడా ఉన్నారు. తడవకుండా కాపాడాలనుకున్న పిల్లలు! రాస్తుంటేనే చెయ్యి ఆగిపోతోంది.

పడవెక్కే ప్రతి ఒక్కరికీ ఒక విన్నపం. మబ్బు ఇంకా కొండ మీదుండగానే సరంగుని అడగండి, దగ్గర్లోని ఒడ్డుకు చేర్చమని పట్టుబట్టండి. వాన మొదలయ్యాక అడిగితే ఆలస్యమైనట్టే. లైఫ్ జాకెట్ ముందే వేసుకోండి. అయితే మూసిన గదిలో మునిగితే అదే జాకెట్ మనిషిని పైకెత్తి కప్పుకు అదిమేస్తుంది, కాబట్టి జాకెట్‌తో పాటు తెరిచిన దారి కూడా దగ్గర్లో ఉండాలి. కిందనే కూర్చోండి, అందరూ ఒకే పక్కకు పరుగెత్తకండి. వానకు తడవండి, పిల్లల్ని తడవనివ్వండి. ఎవరైనా తలుపు మూయబోతే లేచి ఆపండి.